క్వాంటం యంత్రానికి మచ్చు తీసేదెవరు?

ఐబీఎం వారి 156 క్యూబిట్ల (క్వాంటం కంప్యూటరు లెక్కలకు వాడే మూల ప్రమాణాల) హెరాన్ ప్రాసెసరు అమరావతి క్వాంటం వ్యాలీకి రానున్నదని 2025లో ప్రకటన వెలువడిన నాటి నుంచి, ఇటు బెజవాడలోనూ అటు గుంటూరులోనూ పెద్దమనుషులందరూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు: సెంటు ధర ఎంత పెరుగుతుంది? ప్రశ్న సమంజసమైనదే. అయితే వచ్చే యంత్రం సత్తా ఎంతో తూచి చెప్పేదెవరన్న మరో చిన్న ప్రశ్న మిగిలి ఉన్నది. ధరల హడావిడిలో దానిని ఎవరూ పట్టించుకోనందున, వేరే పనేమీ లేని నేను ఆ భారం తలకెత్తుకున్నాను.

విచారించగా తేలినదేమిటంటే, ఈ రంగంలో సరుకు ఎవరిదో కాటా కూడా వారిదే. ఐబీఎం వారు చాలాకాలం కిందటే ‘క్వాంటం వాల్యూమ్’ అనే కొలమానాన్ని ముందుకు తెచ్చారు. ఎన్ని క్యూబిట్లు తీసుకుంటే అన్ని అంచెల లోతున్న సర్క్యూట్లను (క్యూబిట్ల మీద వరుసగా చేయవలసిన చర్యల పట్టీలను) యాదృచ్ఛికంగా అల్లి, రావడానికి ఎక్కువ అవకాశమున్న సగం జవాబులు మూడింట రెండు వంతుల సార్లకు మించి వస్తున్నాయా అని చూడటమే ఆ పరీక్ష. ఇందులోని ఔదార్యం గమనించదగినది. నాణెం ఎగరేసి జవాబులు రాసినవాడికి నూటికి 50 వస్తాయి, తప్పన్నదే ఎరుగని ఆదర్శ యంత్రానికి సుమారు 85కు మించి రావు, 67 దాటితే పాసు. మన ఇంటర్మీడియట్ బోర్డుకు ఈ పద్ధతి ఇంతవరకు తట్టకపోవడం విద్యార్థుల దురదృష్టం.

పాసయ్యాక మార్కును యథాతథంగా వేయరు. 25 క్యూబిట్ల దాకా నెగ్గితే 25 అని రాయక, రెండును 25 సార్లు వేసి గుణించి 3,35,54,432 అని రాస్తారు. క్వాంటినువమ్ అనే మరో క్వాంటం కంపెనీ వారు 2025లో తమ 56 క్యూబిట్ల యంత్రం గురించి ప్రకటించిన అంకె సరిగ్గా ఇదే. లెక్క ప్రకారం ఇందులో అబద్ధమేమీ లేదు. ఇంద్రకీలాద్రి మీద 25 మెట్లెక్కి ఆయాసపడుతున్న భక్తుడు మూడు కోట్ల ముప్పై అయిదు లక్షల పైచిలుకు మెట్లెక్కానని ఇంటికి ఫోను చేస్తే మాత్రం ఇంట్లోవాళ్లు కంగారు పడతారు.

ఐబీఎం వారు పెట్టిన ఈ పరీక్షలో అయాన్లను (విద్యుదావేశమున్న పరమాణువులను) క్యూబిట్లుగా బంధించి పనిచేయించే క్వాంటినువమ్ వంటి యంత్రాలవారు మొదటి వరుసలోకి వచ్చి కూర్చున్నారు. దానితో 2021లో ఐబీఎం వారు సెకనుకు ఎన్ని అంచెలు నడుస్తాయో కొలిచే మరో పరీక్షను తెచ్చారు. ఐబీఎం వారు తయారుచేసే అతివాహక యంత్రాలు వేగంలో దిట్టలు, అయాన్లు నిదానస్తులు అన్నది ఇక్కడ కేవలం కాకతాళీయం. మరొక సంస్థ ‘అల్గారిథమిక్ క్యూబిట్లు’ అని తన సొంత కొలత పెట్టుకున్నది. బెంజి సర్కిల్ దగ్గర నిలబడి తలెత్తి చూసినవారికి ఇదంతా కొత్తగా తోచదు. ఒక్కొక్క కళాశాల ఒక్కొక్క విభాగంలో ప్రథమం, ద్వితీయ స్థానం పొందిన కళాశాల హోర్డింగు మాత్రం నాకు నేటివరకు కనబడలేదు.

ఇక జవాబు పత్రాలు దిద్దడం మరింత విచిత్రం. 2019లో గూగుల్ వారి 53 క్యూబిట్ల సికమోర్ యంత్రం 200 సెకన్లలో ముగించిన పనికి (యాదృచ్ఛిక సర్క్యూట్ల జవాబుల నమూనాలు తీయడానికి) నాటి మేటి సూపర్ కంప్యూటరుకు 10,000 సంవత్సరాలు పడుతుందని ప్రకటించారు. ఐబీఎం వారు వెంటనే లేచి రెండున్నర రోజులు చాలునన్నారు. పదివేల ఏళ్లకు, రెండున్నర రోజులకు మధ్య ఇంత బేరం నేను కాళేశ్వరరావు మార్కెట్లో కూడా చూడలేదు. అసలు కిటుకేమిటంటే, పెద్ద సర్క్యూట్లను నేరుగా దిద్దాలంటే సాధారణ కంప్యూటరే ఆ పదివేల ఏళ్లు కూర్చోవాలి. అందుచేత దిద్దడానికి వీలైన సులువు సర్క్యూట్లలో ఎలా చేసిందో చూసి, దిద్దలేని వాటిలో విశ్వసనీయత 0.2 శాతమని లెక్కగట్టారు. అంటే వెయ్యి నమూనాల్లో దాదాపు రెండు సర్క్యూటు నుంచి, తక్కినవి గాలి నుంచి వచ్చాయన్నమాట. (అంత రొదలో ఆ రెండు వినబడటమే ఇంజినీరింగు ఘనత అని నేను ఒప్పుకుంటాను, వ్యంగ్యానికి కూడా హద్దులుంటాయి.) 2024 డిసెంబరులో గూగుల్ వారి విల్లో యంత్రం అయిదు నిమిషాల పనికి పోటీగా పెట్టిన కాలం ఒకటి పక్కన 25 సున్నాల సంవత్సరాలు. ఫలితం సరిచూడటానికి నియమించే ఉద్యోగికి పెన్షను ఎవరిస్తారో రాయలేదు.

గేట్ల నాణ్యతకు, అంటే క్యూబిట్ల మీద చేసే ఒక్కొక్క చర్య ఎంత కచ్చితమో చూడటానికి, వేరే పరీక్ష ఉన్నది. అది ఎలాంటిదంటే, గుంటూరు బ్రాడీపేటలో 4వ లైను 7వ అడ్డరోడ్డు నుంచి బయలుదేరి, ఇష్టం వచ్చిన సందులన్నీ తిరిగి, చివరి అడుగుతో బయలుదేరిన చోటికే చేరాలి. నడక పొడవు పెరిగే కొద్దీ ఇల్లు ఎన్నిసార్లు తప్పిందో చూసి, అడుగుకు సగటు తప్పు ఎంతో తేలుస్తారు. తెలివైన పద్ధతి, నిజాయితీ గలది కూడా. కాకపోతే ఆ మనిషి నరసరావుపేట వెళ్లగలడా అన్నది ఇందులో తేలదు.

వెళ్లినవారి సంగతి, అంటే సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టే అసలు పని చేసి చూపినవారి సంగతి చూద్దామా? 2001లో 7 క్యూబిట్లతో 15ను 3, 5లుగా విడగొట్టారు, 2012 నాటికి 21 దాకా వచ్చారు. జవాబు ముందే తెలిసినందువల్ల సర్క్యూటును దానికి తగినట్టు కుదించే వెసులుబాటు కలిగింది. 2025లో గట్‌మన్, నాయ్‌హౌస్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ రికార్డులను ఒక పాతకాలపు 8 బిట్ల కంప్యూటరుతో, పూసల చట్రంతో, ఒక కుక్కతో సమం చేసి చూపారు. 15, 21 రెండింటినీ 3 భాగిస్తుంది గనుక కుక్క మూడుసార్లు మొరిగితే సరిపోయింది. భాగించవలసిన సంఖ్య కారణాంకాలు పరీక్ష నడిపేవారికి ముందుగా తెలియకూడదని కూడా వారు సూచించారు. ప్రశ్నపత్రం లీకు కారాదన్న నియమాన్ని భౌతికశాస్త్రానికి కొత్తగా చెప్పవలసి రావడం నన్ను కొంచెం కలవరపెట్టింది.

కనుక ప్రభుత్వానికి నా విన్నపం. అమరావతి యంత్రం పరీక్షను గుంటూరు మిర్చి యార్డుకు అప్పగించవలెను. అక్కడ టిక్కీ పైపొరలో తేజ రకం ఎర్రగా మెరుస్తున్నా, కొనేవాడు అడుగు దాకా చేయి పోనిచ్చి మచ్చు తీసి, తాలుకాయ ఎంత, తేమ ఎంత అని చూసిగాని ధర పలకడు. రైతు తెచ్చిన కొలబద్దతో రైతు సరుకునే కొలిచే ఆచారం అక్కడ లేదు. మచ్చు కోసం చేయి పెడితే క్వాంటం స్థితి చెదిరిపోతుందని కంపెనీవారు అభ్యంతరం చెబుతారని నాకు తెలుసు. చేయి పెడితే చెడిపోయే సరుకు పట్ల యార్డు వారికి ఒక స్థిరమైన అభిప్రాయం ఉన్నది, దానిని వారే తెలియజేస్తారు. కారణాంకాల విభాగానికి యార్డు గేటు దగ్గరి కుక్కను గౌరవ సభ్యత్వానికి ప్రతిపాదిస్తున్నాను, రోజుకు రెండు బిస్కెట్ల భత్యంతో. యంత్రపు చిప్పు సున్నాకు ఒక డిగ్రీలో దాదాపు వందో వంతు మాత్రమే ఎక్కువగా ఉండే చలిలో పనిచేస్తుంది, అదీ సెంటీగ్రేడు సున్నా కాదు, పరమ శూన్యం. కాబట్టి పరీక్ష తేదీని యార్డు వేసవి సెలవులకు ముందే, వీలైతే సంక్రాంతి లోపే ఖాయం చేయగలరు.