ఊరికే జైల్లో పెడతారా?

కార్తీక వనభోజనాలకి ఆస్ట్రేలియాలో మన పెర్త్ దగ్గరున్న రాట్‌నెస్ట్ దీవికి వెళ్ళాం కదా, అక్కడ విన్న ఒక మాట నన్ను ఇంకా వదల్లేదు. హౌసీ ఆటకి ముందు, ఇక్కడి ఆనవాయితీగా ఈ నేల ఆదివాసీ పెద్దలకి వందనం చెప్పే నాలుగు వాక్యాలూ మైకులో గబగబా చదివేశారు. నా పక్క విస్తరి ముందున్న పెద్దాయన, "సగం మంది జైల్లోనే ఉంటారు. ఊరికే పెడతారా?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

మనం పులిహోర తిన్న ఆ దీవే జైలు. ఇక్కడి ఆదివాసులైన నూంగార్ ప్రజలకి అది వాడ్జెమప్. 1838 నుంచి 1931 దాకా దాదాపు 4,000 మంది ఆదివాసీ మగవాళ్ళని, మగపిల్లల్ని అక్కడ బంధించారు. తమ నేలని ఆక్రమించిన వాళ్ళ పశువుల్ని చంపి తినడమే చాలామంది చేసిన నేరం. 370 మందికి పైగా అక్కడే పోయారు. గుర్తుల్లేని ఆ సమాధుల మీదే తర్వాత జనం టెంట్లు వేసుకున్నారు. ఖైదీల చేతే కట్టించిన క్వాడ్ అనే జైలు భవనాన్ని 2018 దాకా హోటల్ గదులుగా అద్దెకిచ్చారు.

మా అమ్మమ్మగారిది చీరాల పక్క ఊరు. బాపట్ల నుంచి పాసింజర్‌లో వెళ్తుంటే, స్టూవర్టుపురం వస్తోందనగానే అమ్మ కిటికీ షట్టర్ దించేసేది. మెళ్ళో గొలుసు కొంగు కింద దాచుకునేది. అడుక్కునేవాళ్ళకి లేదనకుండా పెట్టే మనిషి! ఆ ఊళ్ళో ఉండే ఎరుకలవాళ్ళు ఒకప్పుడు ఉప్పు, ధాన్యం గాడిదల మీద ఊరూరా మోసి అమ్ముకునేవాళ్ళు. రైళ్ళొచ్చి ఆ బేరం దెబ్బతింది. 1911లో నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసి, వాళ్ళని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపే స్టూవర్టుపురం సెటిల్‌మెంట్‌లో పెట్టారు. చట్టం 1952 కల్లా దేశమంతటా పోయింది. మా అమ్మ షట్టర్ దించడం మాత్రం నా చిన్నప్పుడు కూడా ఆగలేదు.

ఇక్కడ పెర్త్‌లో దొంగతనాలు లేవని నేననను, మా వీధిలోనూ కార్ల అద్దాలు పగిలాయి. కానీ జనాభాలో నూటికి నలుగురు కూడా లేని ఆదివాసులు ఈ దేశంలోని ఖైదీల్లో మూడో వంతుకి పైగా ఎందుకుంటారు? స్పీడింగ్ ఫైన్ వస్తే మనం ఫోన్‌లో కట్టేసి మర్చిపోతాం. ఫైన్లు కట్టలేదని లాకప్‌లో పెట్టిన 22 ఏళ్ళ ఆదివాసీ అమ్మాయి 2014లో మన రాష్ట్రంలోనే సౌత్ హెడ్లండ్‌ అనే ఊళ్ళో చనిపోయింది. ఆ చట్టం మారడానికి 2020 దాకా పట్టింది.

వనభోజనాల కమిటీ వారికి నా విన్నపం ఒక్కటే. వచ్చే కార్తీకంలోనూ ఆ దీవికే వెళ్దాం. విస్తళ్ళు వేసే ముందు నూంగార్ గైడుని పిలిచి, పిల్లల్ని వెంటబెట్టుకుని సమాధుల దాకా నడుద్దాం. గైడు ఫీజు రాఫెల్ (లాటరీ) టికెట్ల డబ్బుల్లోంచి ఇద్దాం. ఫెర్రీ టికెట్లు బుక్ చేసేలోపే ఈ సంగతి తేల్చండి.