నాన్నగారిని తీసుకురండి

విజయనగరం కోట జంక్షన్ దగ్గర ఒక కోచింగ్ సెంటర్లో, డిప్లొమావాళ్లు బీటెక్‌లో చేరడానికి రాసే ఈసెట్ పరీక్ష బ్యాచ్‌కి ఫారం నింపుతూ నాకు జ్ఞానోదయమైంది. నా వయసు 44. బొబ్బిలి గ్రోత్ సెంటర్లోని ఒక ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తాను. నా కింద పదకొండు మంది. ఇద్దరు పిల్లలు, ఒక హోమ్ లోను, పొద్దున్నే ఒక బీపీ మాత్ర. ఫారంలో ఇవేవీ అడగలేదు. ఎర్ర చుక్క పెట్టి మరీ అడిగింది ఒక్కటే: తండ్రి మొబైల్ నంబరు.

వదిలేస్తే కౌంటర్లో అమ్మాయి "సిస్టమ్ తీసుకోదు అంకుల్" అంది. నా నంబరే వేసుకోమన్నాను. "ఒకే నంబరు రెండుచోట్ల తీసుకోదు అంకుల్." మా ఆవిడ నంబరిచ్చాను. "వైఫ్ ఆప్షన్ లేదంకుల్. రేపు మీ నాన్నగారిని తీసుకురండి."

నేను తప్పుపట్టడం లేదు. 44 ఏళ్లవాడు క్లాసు ఎగ్గొట్టి ఎక్కడ తిరుగుతాడో ఎవరికి తెలుసు? గ్యాస్ బుకింగ్‌కి పోవచ్చు. కూతురి స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌కి పోవచ్చు. ఇలాంటి చెడు తిరుగుళ్లు తండ్రికి ఎప్పటికప్పుడు తెలియాల్సిందే.

మర్నాడు నెల్లిమర్ల నుంచి మా నాన్నను ఆటోలో తీసుకొచ్చాను. జూట్ మిల్లులో 30 ఏళ్లు చేసిన మనిషి, ఇప్పుడు 73. మోకాళ్లు సహకరించవు. దారంతా "ఏటిరా, ఏటి సేసినావు?" అని ఒకటే అడగడం. రెండో అంతస్తు ఎక్కేసరికి నేనేదో చేసే ఉంటానని నాకే అనుమానమొచ్చింది.

కౌన్సెలర్ అనే పాతికేళ్ల కుర్రాడు నన్ను కూర్చోమని, నాన్నతో మొదలెట్టాడు.

"బాబు బేసిక్స్ ఎలా ఉంటాయండీ?"

"ఇంట్ల ఫ్యాన్లన్నీ ఆడే బాగు సేత్తాడు."

"ఫోన్ ఎక్కువ వాడతాడా?"

"రాత్రి రెండింటికి కూడా మోగుతాది బాబూ."

బ్రేక్‌డౌన్ కాల్స్ సంగతి చెబుతున్నాడు పాపం. కౌన్సెలర్ మొహం గంభీరమైంది. ఏదో రాసుకున్నాడు.

"ఫ్రెండ్స్ ఎలాంటివాళ్లు?"

"అందరూ కరెంటోళ్లేను."

"ఇంట్లో టీవీ కట్టేయించండి. ఒక్క ఏడాది కష్టపడితే బాబు లైఫ్ సెటిలైపోతుంది."

ఈ మాట నాన్నకు బాగా నచ్చింది. "నానూ అదే సెప్తన్నాను" అని చేతులు జోడించాడు. బాబు పక్కనే కూర్చుని ఆధార్ జిరాక్సులు లెక్కపెట్టుకుంటున్నాడు. చివర్లో "నా కుమారుడి ప్రవర్తనకు నాదే బాధ్యత" అన్న కాగితం మీద నాన్న సంతకం పెట్టాడు. మా పెద్దమ్మాయి దాని కాపీని ఫ్రిజ్‌కి అతికించింది.

ఇక పరీక్ష. 200 ప్రశ్నలు, 3 గంటలు. మాథ్స్ 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, మిగతా 100 మన బ్రాంచివి. ఆ వందకి భయం లేదు, ట్రాన్స్‌ఫార్మర్‌తో నాది పాత కాపురం. టెన్షనంతా మాథ్స్‌లో వచ్చే లాప్లాస్‌తోనే. 2001లో డిప్లొమా పరీక్ష రాసిన సాయంత్రమే ఆయన్ని మర్చిపోయాను. ఇప్పుడు నైట్ షిఫ్టులో ప్యానెల్ రూములో కూర్చుని పార్షియల్ ఫ్రాక్షన్లు చేస్తుంటే హెల్పర్ కుర్రాడు తొంగిచూసి "లోడ్ లెక్కలా సార్?" అంటాడు. అవునంటాను.

ర్యాంకొస్తే నేరుగా రెండో ఏడాదిలో సీటు. అది పగటి కాలేజీ, 75 శాతం హాజరు ఉండాలి. డాక్టరు సర్టిఫికెట్ తెస్తే 65 దాకా క్షమిస్తారు. ఉద్యోగాన్ని ఇంకా ఏ డాక్టరూ రోగం కింద రాయడం లేదు.

"ఈ వయసులో బీటెక్ ఏంటండీ" అని నవ్వేవాళ్లకి ఒక మాట. పని చేసుకుంటూనే ఇంజినీరు అయ్యే దారి ఒకటి ఉండేది. ఏఎంఐఈ. 1920లో పుట్టిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ పెట్టే పరీక్షలు. డ్యూటీ దిగొచ్చి సెక్షన్ ఎ, సెక్షన్ బి చదివి పాసైన మనుషుల దగ్గరే నేను పని నేర్చుకున్నాను. 2013 మే 31 తర్వాత చేరేవాళ్లకి అది డిగ్రీతో సమానం కాదు పొమ్మన్నారు. అప్పటికి నేను చెల్లి పెళ్లి అప్పు తీరుస్తున్నాను. దూరవిద్య బీటెక్ చేద్దామంటే, కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతి లేకుండా పట్టాలు పంచాయని 2017లో సుప్రీంకోర్టు వాతపెట్టింది. కోర్టును అనను, కాగితాలమ్ముకున్నవాళ్లను అంటాను. పని చేసేవాళ్ల కోసం వీలైన వేళల్లో బీటెక్ నడుపుకోండని 2023లో సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ కాలేజీలకు చెప్పింది. రెండుచోట్ల అడిగాను. "అలాంటిదొకటి ఉందా సార్?" అని నన్నే అడిగారు.

ఒక్కో తలుపూ మూసుకుంటూ పోయి, ఇన్నాళ్లూ ఏం చేశావని అడగడానికి సిగ్గుండాలి. ఏం చేశానా? మీ ఇంటి శ్లాబులో కడ్డీలున్నాయి కదా, అలాంటి ఉక్కులో కలిసే మాంగనీసు మా ఫర్నేసులాంటి వాటిలోనే కరుగుతుంది. అది అర్ధరాత్రి ట్రిప్పయితే పరుగెత్తేది నేను. ఎందుకు ట్రిప్పయిందో కనిపెట్టేది నేను, రిపోర్టు రాసేది నేను. సంతకానికి మాత్రం నిరుడు బీటెక్ పాసై వచ్చిన కుర్రాడు కావాలి. పాపం వాడు మంచివాడే, ఎక్కడ పెట్టాలో నన్నడిగే పెడతాడు.

మొన్న సాయంత్రం అలాగే ఫర్నేసు ఆగిపోయింది. కోచింగ్‌కి వెళ్లలేకపోయాను. ఏడుంబావుకి ఫోన్ మోగింది. నా చేతులకు రబ్బరు గ్లవ్స్, హెల్పరే స్పీకర్ ఆన్ చేసి పట్టుకున్నాడు.

"ఏరా, కలాసుకి ఎల్నేదంట? ఎవరో ఆడపిల్ల ఫోన్ జేసి సెప్పింది. నాను మాటాడతంటే ఇనకుండా పెట్టేసింది."

పదకొండు మందీ చుట్టూ నిలబడి ఉన్నారు.

"రేపు వెళ్తాను నాన్నా" అన్నాను.