ఆటతో అమెరికా చదువు: స్కాలర్‌షిప్ లెక్క ఎక్కడ తప్పుతుంది?

హైదరాబాద్‌లో పదేళ్లు బ్యాడ్మింటన్ నేర్చుకున్న అమ్మాయికి గానీ, డల్లాస్ శివార్లలో వారాంతపు లీగుల్లో పరుగులు దంచే అబ్బాయికి గానీ అమెరికాలో కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ పరిధిలో స్కాలర్‌షిప్ వచ్చే దారి లేదు. లోపం వాళ్ల ఆటలో లేదు. బ్యాడ్మింటన్, క్రికెట్ రెండూ ఎన్‌సీఏఏ నిర్వహించే ఆటల జాబితాలోనే లేవు. మిగిలేవి టెన్నిస్, గోల్ఫ్, ఈత, అథ్లెటిక్స్, వాలీబాల్, సాకర్ లాంటివి. వాటిలోనైనా ‘బాగా ఆడితే చదువు ఉచితం’ అన్న మాట నమ్మి అకాడమీలకు లక్షలు పోసే ముందు ఆ డబ్బు ఎక్కడి నుంచి, ఎందుకు, ఎంత వస్తుందో తెలుసుకోవాలి.

అమెరికా హైస్కూల్ క్రీడాకారుల్లో ఏదో ఒక మేరకు ఆటల స్కాలర్‌షిప్ అందేది సుమారు 2 శాతం మందికేనని ఎన్‌సీఏఏనే చెబుతోంది. ఇక్కడ ‘ఏదో ఒక మేరకు’ అన్న మాటే కీలకం. ఏడాదికి పుస్తకాల ఖర్చు ఇచ్చినా ఆ 2 శాతంలోకే వస్తుంది. ఎన్‌సీఏఏ తన కాలేజీలను మూడు డివిజన్లుగా విభజించింది. ఎక్కువ కాలేజీలున్నది డివిజన్ 3లో. అక్కడ ఆటల స్కాలర్‌షిప్ అన్నదే లేదు. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ వంటి ఐవీ లీగ్ విద్యాసంస్థలు డివిజన్ 1లో ఆడుతున్నా ఆటకు డబ్బివ్వవు. కోచ్ మద్దతు ఉంటే అక్కడ అడ్మిషన్‌కు గట్టి బలం దొరుకుతుంది గానీ, ఆర్థిక సాయం కుటుంబ ఆదాయాన్ని బట్టే ఉంటుంది.

తెలుగు కుటుంబాల పిల్లలు ఎక్కువగా ప్రయత్నించే టెన్నిస్‌నే తీసుకుందాం. చాలాకాలం పాటు డివిజన్ 1 పురుషుల జట్టుకు గరిష్ఠంగా 4.5 స్కాలర్‌షిప్‌లు ఉండేవి. డివిజన్ 2లో ఇప్పటికీ అంతే. ఏడాదికి 50 వేల డాలర్లు ఖర్చయ్యే కాలేజీలో 4.5 అంటే 2 లక్షల 25 వేలు. కోచ్ దాన్ని తొమ్మిది మందికి సమానంగా పంచితే తలా 25 వేలు. మిగతా 25 వేలు ఇంటి నుంచే కట్టాలి. నాలుగేళ్లకు లక్ష డాలర్లు. పైగా కోచ్ సమానంగా పంచడు. మొదటి ఇద్దరు ముగ్గురికి పెద్ద వాటా పోయాక ఏడో ఆటగాడికి మిగిలేది నామమాత్రం. అదే డివిజన్ 1 మహిళల టెన్నిస్‌లో 8 పూర్తి స్కాలర్‌షిప్‌లకు వీలుండేది. చదువులో లింగ వివక్షను నిషేధించిన 1972 నాటి ‘టైటిల్ నైన్’ చట్టం ఈ తేడాకు మూలం. అమెరికన్ ఫుట్‌బాల్ ఒక్కటే 85 మంది పురుషులకు స్కాలర్‌షిప్ ఇస్తుంటే, మహిళల వైపు ఇతర ఆటల్లో ఆ తూకం సరిచేయాల్సి వచ్చింది. అందుకే ఒకే ఇంట్లో ఒకే స్థాయిలో ఆడే అన్నాచెల్లెళ్లకు ఒకే లెక్క వర్తించదు.

ఇప్పుడు ఆ పరిమితులు పోయాయి కదా అని కొందరు ఆశపడుతున్నారు. 2025 జూన్ 6న జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించిన, క్రీడాకారులు ఎన్‌సీఏఏపై వేసిన ‘హౌస్’ కేసు రాజీ ఒప్పందంతో, అందులో చేరిన డివిజన్ 1 కాలేజీలకు స్కాలర్‌షిప్ సంఖ్యపై పరిమితి తీసేసి, జట్టులో ఎంతమంది ఉండొచ్చన్న దానికి పెట్టారు. ఫుట్‌బాల్‌లో 105, బేస్‌బాల్‌లో 34, టెన్నిస్‌లో 10. కాగితం మీద చూస్తే టెన్నిస్‌లో పదిమందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు. ఇవ్వొచ్చు అంటే ఇస్తారని కాదు. ఇదే ఒప్పందం ప్రకారం 2025-26లో ఒక్కో కాలేజీ సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు క్రీడాకారులకు నేరుగా చెల్లించవచ్చు. అందులో సింహభాగం ఫుట్‌బాల్, పురుషుల బాస్కెట్‌బాల్‌కే పోతుంది. ఆ డబ్బు సర్దుబాటు చేయాల్సిన కాలేజీ ముందుగా చేయి పెట్టేది టికెట్లు అమ్ముడుపోని ఆటల బడ్జెట్‌లోనే. పెన్సిల్వేనియాలోని సెయింట్ ఫ్రాన్సిస్ యూనివర్సిటీ అయితే డివిజన్ 1 వదిలి, స్కాలర్‌షిప్‌లు లేని డివిజన్ 3కి మారిపోతున్నట్లు 2025 మార్చిలోనే ప్రకటించింది.

తల్లిదండ్రులు పొరబడే అసలు చోటు మరొకటి ఉంది. పిల్లాడు గెలిచిన కప్పులకు గుర్తింపుగా స్కాలర్‌షిప్ వస్తుందని అనుకుంటారు. కోచ్ దాన్ని వచ్చే ఏడాది జట్టులో ఏర్పడే ఖాళీ నింపుకోవడానికి పెట్టే ఖర్చుగా చూస్తాడు. ఖాళీ లేకపోతే ఎంత మంచి ఆటగాడికైనా ‘చూద్దాం’ అన్న జవాబే వస్తుంది. కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునేందుకు 2018లో మొదలైన ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఈ పోటీని ఇంకా పెంచింది. ఇప్పుడు కాలేజీ మారినా ఆటగాళ్లు ఏడాది కూర్చోనక్కర్లేదు. దాంతో పద్దెనిమిదేళ్ల కొత్తవాడికంటే, రెండేళ్లు కాలేజీ మ్యాచ్‌లు ఆడి తేలిన ఇరవై ఏళ్లవాడిని తెచ్చుకోవడమే కోచ్‌కు సులువు. డివిజన్ 1 పురుషుల టెన్నిస్‌లో సగానికి పైగా విదేశీయులే.

కాబట్టి కాలేజీ పేరు చూసి కాదు, దాని జట్టు పేజీ చూసి దరఖాస్తు చేయాలి. ఎవరు ఆఖరి ఏడాదిలో ఉన్నారు? కాలేజీ టెన్నిస్ పోటీలో ఆరు సింగిల్స్ ఉంటాయి. ఆ జట్టులో ఐదు, ఆరు స్థానాల్లో ఆడేవాళ్ల యూటీఆర్ (టెన్నిస్ ఆటగాడి స్థాయిని చెప్పే అంకె) రేటింగ్ ఎంత? మీ పిల్లల రేటింగ్ దానికి దగ్గరగా లేకపోతే అక్కడ డబ్బు సంగతి అటుంచి, చోటు కూడా కష్టం. సాకేత్ మైనేని అలబామాలో, సహజ యమలపల్లి శామ్ హ్యూస్టన్ స్టేట్‌లో, తెలుగు మూలాలున్న నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో ఆడారు. వీళ్లను చూపించి ‘మనవాళ్లకూ వస్తుంది’ అనే ముందు, నిశేష్ స్టాన్‌ఫర్డ్‌లో చేరకముందే 2022లో యూఎస్ ఓపెన్ బాలుర డబుల్స్ గెలిచాడని గుర్తుంచుకోవాలి.

కోచ్‌కు రాసే మెయిల్ పొట్టిగా ఉండాలి. హైస్కూల్ ముగిసే సంవత్సరం, రేటింగ్, మార్కులు, కత్తిరింపులు లేని ఒక సెట్ వీడియో, కుటుంబం ఏటా ఎంత భరించగలదన్న నిజమైన సంఖ్య ఉంటే చాలు. ఆ ఆఖరిది రాయడానికి మనవాళ్లు మొహమాటపడతారు. కానీ కోచ్‌కు అన్నిటికంటే పనికొచ్చేది అదే. చాలా ఆటల్లో పదో తరగతి పూర్తయిన ఏడాది జూన్ 15కు ముందు డివిజన్ 1 కోచ్‌లు పిల్లలతో ఎంపిక గురించి మాట్లాడకూడదు. అంతకుముందు జవాబు రాలేదని కుంగిపోనక్కర్లేదు. సీటు ఇప్పిస్తామనే కన్సల్టెంట్ ‘వచ్చిన స్కాలర్‌షిప్‌లో ఇంత శాతం ఇవ్వండి’ అంటే వెంటనే లేచి వచ్చేయాలి. ఫీజును స్కాలర్‌షిప్‌తో ముడిపెట్టడం ఎన్‌సీఏఏ నిబంధనలకు విరుద్ధం. అది పిల్లల అర్హతకే ఎసరు పెడుతుంది.

చదువు వైపు నుంచి డివిజన్ 1కు 16 కోర్ సబ్జెక్టులు, వాటిలో 2.3 జీపీఏ ఉండాలి. డివిజన్ 2కు 2.2. కోర్ అంటే ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్, సోషల్ వంటివి. అమెరికాలో చదివే పిల్లలు డివిజన్ 1 కోసం ఆఖరి ఏడాది మొదలయ్యేలోపే 10 ముగించాలి. ఇండియాలో చదివేవాళ్ల ఇబ్బంది వేరు. ఇంటర్ అయ్యాక ఒకటి రెండేళ్లు టోర్నీలు ఆడి ర్యాంకు పెంచుకుని వెళ్దామనుకుంటారు. కాలేజీలో చేరకుండా అలా గడిపిన కాలం ఆడాల్సిన సీజన్లను తినేయొచ్చు. టెన్నిస్‌లో ఈ నిబంధన మరీ కఠినం.

కోచ్ నోటిమాటకు ఎవరూ కట్టుబడరు. ఫలానా కాలేజీలో చేరతానని ఆటగాడు సంతకం చేసే, ఏళ్లుగా ఉన్న ‘నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్’ 2024 అక్టోబర్‌లో రద్దయింది. ఇప్పుడు మిగిలింది కాలేజీ ఇచ్చే ఆర్థిక సాయ ఒప్పందమే. అది ఒక్క ఏడాదికా, నాలుగేళ్లకా? గాయమైతే కొనసాగుతుందా? కోచ్ మారితే ఏమవుతుంది? మొత్తం శాతంలో రాశారా, డాలర్లలోనా? యాభై వేల ఖర్చు ఏటా 4 శాతం పెరిగితే నాలుగో ఏడాదికి 56 వేలు దాటుతుంది. సగం అని రాసి ఉంటే ఆ పెంపులో సగం కాలేజీ భరిస్తుంది. 25 వేలు అని రాసి ఉంటే పెరిగినదంతా మీదే. ఎఫ్-1 వీసాపై వెళ్లేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. స్కాలర్‌షిప్‌లో గది, భోజనం కింద వచ్చే భాగానికి పన్ను ఉంటుంది, సాధారణంగా 14 శాతం ముందే కోత పడుతుంది. అమెరికా పిల్లలు తమ పేరు, బొమ్మ వాడుకోనిచ్చి సంపాదించే ప్రకటనల డబ్బును ఈ వీసాదారులు లెక్కలో వేసుకోకపోవడమే మంచిది. ఉద్యోగంపై ఉన్న ఆంక్షల వల్ల అది వీసాకే ముప్పు తేవచ్చు.