హెర్జోగ్ సారు తిన్న బూటుకు

బూటూ,

క్షేమమా అని అడగలేను. 1979లోనే అరిగిపోయావు, అదీ కడుపులో.

ఎర్రల్ మోరిస్ అనే కుర్రాడు సినిమా తీస్తానంటూ తిరగడమే తప్ప తీయడం లేదని, మీ సారు, జర్మన్ సినిమా డైరెక్టర్ వెర్నర్ హెర్జోగ్, నోరు జారాడు: నువ్వు సినిమా పూర్తి చేస్తే నా బూటు తింటానని. కుర్రాడు పెంపుడు జంతువుల శ్మశానం మీద డాక్యుమెంటరీ తీసి చూపించాడు. పందెం కాసింది ఆయన, ఉడికింది నువ్వు. అమెరికాలోని బర్కిలీలో పేరుమోసిన షే పనీస్ రెస్టారెంట్ వంటింట్లో వెల్లుల్లి వేసి ఐదు గంటలు! మా ఇంట్లో నాటుకోడికి రెండు విజిళ్లు ఎక్కువైతేనే గొడవ. తర్వాత జనం ముందు స్టేజీ మీద ముక్కలు కోసుకుని తిన్నాడు. సోల్ మాత్రం వదిలేశాడు. కోడి తింటే బొమికలు తింటామా అన్నాడట.

ఆయన పనులన్నీ ఇంతే. ఫిల్మ్ స్కూల్ కెమెరా ఎత్తుకొచ్చి, దొంగతనం కాదు, నా హక్కు అన్నాడు. 1976లో కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో అగ్నిపర్వతం పేలుతుందని ఊరంతా ఖాళీ చేస్తే, ఇద్దరు కెమెరామెన్లను వెంటేసుకుని ఎదురెళ్లాడు. అది పేలలేదు. పెరూ అడవిలో సినిమా కోసం 320 టన్నుల ఓడను నిజంగానే కొండ ఎక్కించాడు. ఆ షూటింగ్‌లో చెట్లు కొట్టే మనిషిని పాము కాటేస్తే, చేతిలోని మోటారు రంపంతో తన పాదం తనే కోసుకుని బతికాడని సారే చెబుతాడు. విన్నవాళ్లు సారుకే చప్పట్లు కొడతారు.

మా దగ్గరా ఆయన భక్తులున్నారు. నేను పనిచేసిన షార్ట్ ఫిల్మ్ డైరెక్టర్ పర్మిషన్ లేకుండా రైలు పట్టాల మీద షాట్ పెట్టాడు. "హెర్జోగ్ అడిగి తీశాడా అన్నా?" అన్నాడు. పోలీసులు రాగానే అందరికంటే ముందు లగెత్తిందీ అతనే. ట్రైపాడ్ భుజాన ఉన్నవాణ్ని కదా, నేను దొరికిపోయాను. ఫైన్ నా జేబులోంచే పోయింది.

ఆ డబ్బు అడిగితే, "శుక్రవారానికి ఇవ్వకపోతే చెప్పుతో కొట్టన్నా" అన్నాడు డైరెక్టర్. నాలుగు శుక్రవారాలు పోయాయి. కొట్టడం నాకిష్టం లేదు. గురువుగారి దారిలోనే పోనిద్దామని నా చెప్పు కడిగి పెట్టాను.

అనుభవం ఉన్నదానివి, అందుకే అడుగుతున్నా: రబ్బరు చెప్పుకు ఎన్ని విజిళ్లు?

ఇట్లు,
ట్రైపాడ్ మోసినవాడు