తొమ్మిది నానోమీటర్ల విరహం

మా పరిశోధన బృందంలో గాజు పరికరాలు లేవు, రసాయనాల వాసన లేదు, ఎవరి చేతులకూ మరకలు అంటవు. ప్రొటీన్లను కంప్యూటర్‌లోనే నీటిలో ముంచి, వేడి చేసి, అవి ఎలా కదులుతాయో లెక్కగట్టి చూడడమే మా రసాయన శాస్త్రమూ, జీవశాస్త్రమూ. మా దగ్గర ఏదీ పగలదు, ఏదీ ఒలకదు కనుక మా బతుకు హాయిగా సాగుతుందని బయటివారి నమ్మకం. ఒక మంగళవారం మధ్యాహ్నం దాకా నా నమ్మకమూ అదే.

నా వంతుకు వచ్చినది హెచ్‌ఐవీ ప్రోటియేజ్ అనే, ప్రొటీన్లను కోసే ఎంజైమ్. ఒక్కొక్కటి 99 అమైనో ఆమ్లాల పొడవున్న గొలుసులు రెండు, అచ్చుగుద్దినట్టు ఒకే తీరువి, ఒకదానినొకటి అంటిపెట్టుకుంటేనే అది ఎంజైమ్ అవుతుంది. కోత పడే చోట ఉండవలసిన రెండు ఆస్పార్టిక్ ఆమ్లాలలో చెరొకటి చెరో గొలుసు 25వ స్థానం నుంచి రావాలి మరి. ఈ దంపతులను 9 నానోమీటర్ల భుజం గల ఘనాకారపు పెట్టెలో కూర్చోబెట్టి, చుట్టూ సుమారు 23 వేల నీటి అణువులను నింపి, అడుగుకు 2 ఫెమ్టోసెకన్ల (నానోసెకనులో పది లక్షలో వంతు ఒక ఫెమ్టోసెకను) చొప్పున 100 నానోసెకన్ల కాలం నడిపించాను. అంటే 5 కోట్ల అడుగులు. ప్రతి అడుగులోనూ ఒక్కో పరమాణువు మీద ఎంత బలం పడుతోందో లెక్కించి, న్యూటన్ చెప్పినట్టు దానిని రవ్వంత జరపడమే తప్ప ఇందులో మాయ ఏమీ లేదు. అందరూ పంచుకునే కంప్యూటర్ల గుంపైన క్లస్టర్ క్యూలో పడిగాపులతో కలిపి ఈ వ్యవహారానికి పదకొండు రోజులు పట్టింది.

పన్నెండో రోజున ఫలితాన్ని అణువుల బొమ్మలు చూపే వీఎండీ సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను. ఒక గొలుసుకు నీలం, రెండవదానికి ఎరుపు రంగు వేసి, నీటిని కనబడకుండా చేసి, ఫ్రేములను వరుసగా కదిలించాను. ప్రతి 10 పికోసెకన్లకు (నానోసెకనులో వెయ్యో వంతు ఒక పికోసెకను) ఒక ఫ్రేము చొప్పున దాచాను కనుక మొత్తం పది వేలు. 3,741వ ఫ్రేము దాకా ఇద్దరూ అన్యోన్యంగా ఊగుతున్నారు. 3,742వ ఫ్రేములో ఎరుపు గొలుసు పెట్టెకు అటు చివర ఉంది. మధ్యలో ఏమీ లేదు. వెనక్కి జరిపితే కలిసి ఉన్నారు, ముందుకు జరిపితే విడిపోయారు. ఆ రెండు ఫ్రేముల మధ్య ముందుకూ వెనక్కూ నేను ఎన్నిసార్లు తిరిగానో చెప్పుకోవడం మర్యాద కాదు.

బృందంలో అందరికన్నా సీనియర్ అయిన అన్నను పిలిచాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, మరో ప్రొటీన్‌లో రెండు భాగాలు ఇలాగే విడిపోవడాన్ని తాను రెండేళ్ల కిందట చూశానని, గోడ మీది పోస్టర్‌లోని గ్రాఫ్ అదేనని గుర్తు చేశారు. ఒకరికి కనబడితే అనుమానించవచ్చు, ఇద్దరికి కనబడితే అది దృగ్విషయం అవుతుంది. రెండు గొలుసుల కేంద్రాల మధ్య దూరాన్ని గ్రాఫ్‌గా గీశాము: రెండు నానోమీటర్ల దగ్గర నెమ్మదిగా వణుకుతున్న గీత ఉన్నట్టుండి ఏడుకు లేచింది, కాసేపటికి మళ్లీ రెండుకు దిగింది, మళ్లీ లేచింది. ఎరుపు గొలుసు వెళ్లిపోవడమే కాదు, తిరిగి వస్తోంది కూడా! అలిగి పుట్టింటికి వెళ్లినవారు కూడా ఇంత త్వరగా రారు.

సంగతి ఆచార్యుల దాకా వెళ్లింది. ఆయన తెర ముందు చేతులు కట్టుకుని నిలబడి, 1977లో మెకామన్, గెలిన్, కార్ప్లస్ ఒక చిన్న ప్రొటీన్‌ను కేవలం 9.2 పికోసెకన్లు, అదీ చుట్టూ నీరన్నది లేకుండా శూన్యంలో నడిపించారని, ఆ దారిలోనే 2013లో కార్ప్లస్, లెవిట్, వార్షెల్‌లకు రసాయన శాస్త్ర నోబెల్ వచ్చిందని, మనం దానికి పది వేల రెట్లకు పైగా నడిపించి కూర్చున్నామని భావోద్వేగంతో చెప్పారు. (శూన్యంలో నడిపించిన వారికి చుట్టూ పెట్టె ఉండదు, పెట్టె లేనివారికి మాకు జరిగినది జరగదు అన్న సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు.) సాయంత్రానికి వ్యాసానికి పేరు పెట్టాము. మరునాడు సారాంశం రాశాము. మూడవ రోజు, గొలుసులు ఎందుకు విడిపోతున్నాయన్న దానికి మూడు సిద్ధాంతాలు సిద్ధమయ్యాయి. వాటిలో రెండు ఒకదానితో ఒకటి పొసగవు గానీ, మూడవది రెండింటినీ సమర్థించింది.

శుక్రవారం బృంద సమావేశంలో నేను గ్రాఫ్ చూపిస్తుండగా, ఆ వారమే చేరిన అమ్మాయి చెయ్యెత్తింది.

"అన్నా, మీ పెట్టె భుజం ఎంత?"

"తొమ్మిది నానోమీటర్లు," అన్నాను, పెద్దరికంతో.

"రెండూ ఏడూ కలిపితే తొమ్మిదే కదా అన్నా!"

గదిలో ఫ్యాన్ చప్పుడు మొదటిసారిగా వినబడింది.

సంగతి ఇది. పెట్టెలోని నీటికి నిజంగా గోడలు కడితే అణువులు వాటికి గుద్దుకుని అసహజంగా ప్రవర్తిస్తాయి కనుక, అదే పెట్టె నలువైపులా, పైనా కిందా అంతులేకుండా పునరావృతమవుతోందని భావిస్తాము. కుడి గోడ దాటిన అణువు ఎడమ గోడలోంచి లోపలికి వస్తుంది. పాత ఫోన్లలోని పాము ఆటలో పాము తల ఒక అంచున మాయమై రెండవ అంచున తేలినట్టే. చూడడానికి బాగుంటుందని ప్రతి అణువునూ ముక్కలు కాకుండా పెట్టెలోకి సర్దమని, ఈ లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్ అయిన గ్రోమాక్స్‌ను కోరినది నేనే. దాని దృష్టిలో ఒక్కో గొలుసూ ఒక్కో అణువు. జంట మొత్తం మెల్లగా కొట్టుకుపోతూ గోడను సమీపించగానే, తన కేంద్రం గోడ గీతను దాటిన ఎరుపు గొలుసును అది బుద్ధిగా అవతలి వైపున సర్దింది. గీత దాటని నీలాన్ని ఉన్నచోటనే ఉంచింది. వారు క్షణమైనా విడిపోలేదు. గోడకు అవతల, పక్క పెట్టెలో, నీలం గొలుసు ప్రతిరూపం ఎరుపును అంటిపెట్టుకునే ఉంది.

ఇక్కడ నా సిగ్గును అంకెల్లో చెప్పడం న్యాయం. 10 పికోసెకన్లలో 9 నానోమీటర్లు అంటే సెకనుకు 900 మీటర్లు, గాలిలో ధ్వని వేగానికి రెండున్నర రెట్లకు పైమాట. మా ఎరుపు గొలుసు చిక్కటి నీటిలో, ఒక్క నీటి అణువునైనా నొప్పించకుండా, తుపాకి గుండులా దూసుకుపోయిందని మేము మూడు రోజుల పాటు నమ్మాము. ఇంత చిన్న భాగహారం చేయడానికి క్లస్టర్ కూడా అక్కరలేదు.

గోడ దాటిన అణువును అవతలికి గెంతనివ్వని నోజంప్ అన్న ఎంపికతో అదే ఆదేశాన్ని మళ్లీ ఇచ్చాను. గ్రోమాక్స్ పది వేల ఫ్రేములనూ చదివి, తన అలవాటు ప్రకారం చివర్లో ఒక సూక్తిని తెర మీద పడేసింది. చదివే ఓపిక ఎవరికీ లేదు. కొత్త గ్రాఫ్‌లో గీత మొదటి నుంచి చివరి దాకా రెండు దగ్గర వణుకుతూనే ఉంది. ఆచార్యులు చాలాసేపు దానిని చూసి, "స్థిరమైన జంట," అన్నారు. పాఠ్యపుస్తకాలు ఎప్పుడో చెప్పిన సంగతిని అంత బరువుగా ఎవరూ పలికి ఉండరు.

అందరూ లేస్తుండగా ఆ అమ్మాయి గోడ మీది పోస్టర్ దగ్గర ఆగి, సీనియర్ అన్న వైపు తిరిగి, ఎంతో వినయంగా అడిగింది.

"అన్నా, ఇందులో పెట్టె భుజం ఎంత?"

ఆయనకు అర్జెంటుగా ఫోన్ వచ్చింది. సోమవారం ఉదయం మేము వచ్చేసరికి ఆ గోడ మీద నాలుగు మూలలా టేపు ముక్కలు మాత్రం మిగిలి ఉన్నాయి.