ఓడిపోయే జట్టుకి టికెట్ కొనాల్సిన బాధ్యత ఫ్యాన్స్‌దేనా?

టీం వరసగా ఓడిపోతూ స్టేడియంలో ఖాళీ కుర్చీలు కనిపిస్తే చాలు, "ఆ ఊళ్ళో ఫ్యాన్స్ ఎక్కడున్నారండీ, గెలిచినప్పుడే వస్తారు" అనేస్తారు. యజమానీ అంటాడు, కామెంటేటరూ అంటాడు, ఇంట్లో టీవీ ముందు కాళ్ళు చాపుకుని కూర్చున్న మనమూ అంటాం. నాకు ఈ మాట మీద నమ్మకం లేదు. అమెరికా, కెనడాల్లో మంచు మీద ఆడే ప్రొఫెషనల్ హాకీ లీగ్, అదే ఎన్‌హెచ్‌ఎల్, సంగతులు చదివేకొద్దీ ఉన్న కాస్త నమ్మకం కూడా పోయింది. అక్కడ జట్టు బ్రహ్మాండంగా గెలుస్తున్నా సీట్లు ఖాళీ అయిన ఊరుంది, దశాబ్దాలుగా కప్పు మొహం చూడకపోయినా టికెట్ దొరకని ఊరూ ఉంది. నెల్లూరులో కూర్చున్న మనకెందుకు ఆ గోల అంటారా? మన పేరు పెట్టుకుని ఆడే జట్లూ రేపు ఇదే నింద మన మీద వేస్తాయి కాబట్టి.

ముందు టొరంటో. అక్కడి జట్టు మేపుల్ లీఫ్స్ ఆఖరిసారి స్టాన్లీ కప్, అంటే ఆ లీగ్ ట్రోఫీ, గెలిచింది 1967లో. అప్పుడు కేరింతలు కొట్టినవాళ్ళకి ఇప్పుడు మనవలున్నారు. ఆ టీం ప్లేఆఫ్స్‌కి వచ్చి ఓడిపోవడం మీద జోకులు ఓ పుస్తకానికి సరిపడా ఉంటాయి. అయినా అక్కడ సీజన్ టికెట్ కావాలంటే ఏళ్ళ తరబడి వెయిటింగ్ లిస్టే. పెద్ద ఊరు, పెద్ద కంపెనీలు, తాతల కాలం నుంచి ఒకే జట్టు. ఇందులో గెలుపు పాత్ర ఎంత? పెద్దగా ఏమీ లేదు.

కెనడాలోనే ఉన్న విన్నిపెగ్ కథ వేరు, దాన్ని కాస్త నెమ్మదిగా చెప్పాలి. దాదాపు ఎనిమిది లక్షల జనాభా, అంటే మన నెల్లూరుకన్నా కొంచెం పెద్ద ఊరు, చలికాలంలో మైనస్ ముప్పై అక్కడ మామూలు సంగతి. 1996లో వాళ్ళ జట్టు జెట్స్‌ని ఎడారి ఊరైన ఫీనిక్స్‌కి పట్టుకెళ్ళిపోయారు. పదిహేనేళ్ళు ఆ ఊరు జట్టు లేకుండానే గడిపింది. 2011లో అట్లాంటాలో నష్టాలతో నడుస్తున్న జట్టుని కొని విన్నిపెగ్‌కి తెచ్చినప్పుడు, ఈ ఊరు నిజంగా మోయగలదా అని తేల్చుకోడానికి 13,000 సీజన్ టికెట్లు అమ్మాలని లెక్క పెట్టుకున్నారు. సీజన్ టికెట్ అంటే సొంత గ్రౌండ్‌లో జరిగే నలభై పైచిలుకు మ్యాచ్‌లకీ ఒక సీటుకి ముందే డబ్బు కట్టేయడం, అదీ కొన్నేళ్ళ ఒప్పందం మీద. అందరికీ అమ్మకం తెరిచిన రోజు మిగిలినవన్నీ 17 నిమిషాల్లో అయిపోయాయి. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు రోజూ హౌస్‌ఫుల్.

ఇక 2024 ఫిబ్రవరికి రండి. జట్టు దుమ్ము దులుపుతోంది, ఆ సీజన్‌లో 52 మ్యాచ్‌లు గెలిచింది. సరిగ్గా అప్పుడే యజమాని మార్క్ చిప్‌మన్ బయటికొచ్చి, సీజన్ టికెట్లు మూడేళ్ళలో 27 శాతం పడిపోయాయి, సుమారు 9,500 దగ్గరున్నాం, ఎక్కువకాలం ఇలా నడవదు అని చెప్పాడు. లీగ్ కమిషనర్ గ్యారీ బెట్‌మన్ కూడా ఆ ఊరికి వచ్చి వెళ్ళాడు. ఇంకేముంది, జట్టు మళ్ళీ పోతుందేమోనని ఊరంతా టెన్షన్.

గెలుస్తున్న జట్టుకి జనం ఎందుకు తగ్గారు? కోవిడ్‌లో అలవాటు తప్పింది, అది ఒకటి. కానీ అసలు సంగతి అక్కడి సీట్లు కొన్నది ఎవరన్నదే అని నాకనిపిస్తుంది. టొరంటో లాంటి చోట కంపెనీలు కట్టలు కట్టలుగా కొంటాయి, క్లయింట్లని తీసుకెళ్తాయి, ఖర్చు ఖాతాలో రాసేస్తాయి. విన్నిపెగ్‌లో ఎక్కువమంది టీచర్లు, చిన్న వ్యాపారులు, ఉద్యోగులు, తమ జేబులోంచి కట్టినవాళ్ళు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక సీటు పంచుకున్నవాళ్ళూ ఉంటారు. మొదటి ఏడాది టికెట్ కొనేది ఆవేశం, పోయిన జట్టు తిరిగొచ్చిందన్న సంతోషం. పదో ఏడాది అదే టికెట్ రెన్యువల్ చేయాలంటే ఇంటి లోను, పిల్లల ఫీజులు, పెట్రోలు, పార్కింగ్ అన్నీ లెక్కలోకి వస్తాయి. నలభై రాత్రులు మంచులో బండి తీసుకుని వెళ్ళడం ఎంత పిచ్చి ఉన్నవాడికైనా భారమే. అది అభిమానం తగ్గడం కాదు, ఇంట్లో సర్దుబాటు. వెయిటింగ్ లిస్ట్ ఉన్నన్నాళ్ళూ క్లబ్ ఈ మనిషిని పట్టించుకోలేదు, ఒకడు పోతే ఇంకొకడు ఉన్నాడులే అనుకుంది. పైగా 2023లో టికెట్ల ప్రచారం వీడియోలో జట్టు వెళ్ళిపోయిన 1996 నాటి దృశ్యాలు వాడితే, చాలామందికి అది బతిమాలినట్టు కాదు, బెదిరించినట్టు వినిపించింది. మళ్ళీ అడగడం, చిన్న ప్యాకేజీలు పెట్టడం మొదలుపెట్టాకే పరిస్థితి కాస్త తేరుకుంది. 2024-25లో జట్టు లీగ్ మొత్తంలో మొదటి స్థానంలో నిలవడం కలిసొచ్చింది, కాదనను.

బెదిరింపు టికెట్లు అమ్మదు అనడానికి ఒట్టావా ఇంకా మంచి ఉదాహరణ. 2017 వేసవి ముందు అక్కడి జట్టు సెనేటర్స్ సెమీఫైనల్ స్థాయి దాకా వెళ్ళింది. అయినా ఆ శరత్కాలానికి ఖాళీ కనపడకుండా పై సీట్ల మీద గుడ్డలు కప్పాల్సి వచ్చింది. స్టేడియం ఊరి మధ్యలో లేదు, పాతిక కిలోమీటర్ల అవతల కనాటాలో ఉంది, పని ముగించుకుని ట్రాఫిక్‌లో అక్కడికి చేరడమే ఒక యజ్ఞం. ఆ డిసెంబర్‌లో జట్టు పండగ చేసుకుంటున్న రోజునే యజమాని యూజీన్ మెల్నిక్, జనం రాకపోతే జట్టుని వేరే ఊరికి మార్చే ఆలోచన చేస్తానన్నట్టు మాట్లాడాడు. ఫలితం? 2018లో అభిమానులే చందాలు వేసుకుని, నువ్వు దిగిపో అంటూ ఊళ్ళో హోర్డింగులు పెట్టారు. చందా వేసుకుని మరీ హోర్డింగ్ పెట్టినవాణ్ణి ఫ్యాన్ కాదనగలమా? వాడి దగ్గర డబ్బూ ఉంది, ప్రేమా ఉంది, నీ చేతిలో పెట్టడం మాత్రం ఇష్టం లేదు.

షికాగోది ఇంకో రకం తెలివి. టీవీలో చూపిస్తే స్టేడియంకి ఎవరొస్తారని బ్లాక్‌హాక్స్ యజమాని బిల్ విర్ట్జ్ సొంత ఊరి మ్యాచ్‌లని లోకల్ టీవీలో రానివ్వలేదు, దశాబ్దాల పాటు. ఒక తరం పిల్లలకి ఆ జట్టు కళ్ళబడలేదు. 2007లో ఆయన పోయాక కొడుకు టీవీ తెరిచాడు, మంచి కుర్రాళ్ళు కూడా అప్పుడే దొరికారు, 2010లో కప్పు. టీవీ జనాన్ని తినేయలేదు, తెచ్చింది.

ఇంతకీ విన్నిపెగ్ నుంచి ఫీనిక్స్‌కి పోయిన ఆ మొదటి జట్టు ఏమైంది? కయోటీస్ పేరుతో ఆడింది. 2003లో ఊరికి పడమటి పక్క గ్లెండేల్‌లో కొత్త స్టేడియంకి మారింది, డబ్బు పెట్టి చూసేవాళ్ళు ఎక్కువగా ఉండేది ఊరికి తూర్పు పక్క. 2009లో దివాలా, లీగే జట్టుని నడిపించాల్సి వచ్చింది. తర్వాత గ్లెండేల్‌తో చెడింది. 2022 నుంచి యూనివర్సిటీ వాళ్ళ చిన్న స్టేడియంలో, ఐదు వేలు కూడా పట్టని చోట, ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు ఆడారు. 2023 మేలో ఫీనిక్స్ పక్కనే ఉన్న టెంపీ ఊరి ఓటర్లు కొత్త స్టేడియం ప్రతిపాదనని తిరస్కరించారు, 2024లో జట్టు సాల్ట్ లేక్ సిటీకి వెళ్ళిపోయింది. ఎడారిలో హాకీ ఎవడు చూస్తాడు అని అందరూ నవ్వారు గానీ, ఇరవై ఎనిమిదేళ్ళు ఏటా "వచ్చే ఏడాది ఉంటారో పోతారో" అన్న అనుమానంతో బతికిన ఊరు అంతకాలం చూడడమే గొప్ప.

ఇప్పుడు మన సంగతి.

ఎన్‌హెచ్‌ఎల్‌లో టికెట్ డబ్బు జట్టుకి ప్రాణం, అందుకే ఖాళీ సీటు కనపడితే వాళ్ళకి నిద్ర పట్టదు. మన దగ్గర లీగ్‌లు టీవీ డబ్బు మీద నడుస్తాయి. ఐపీఎల్ 2023 నుంచి 2027 దాకా ప్రసార హక్కులు 48,390 కోట్లకి అమ్ముడుపోయాయి. అలాంటప్పుడు స్టేడియంలో కూర్చున్నవాడు కొనుగోలుదారు కాదు, టీవీలో అరుపులు వినిపించడానికి పనికొచ్చే సెట్టింగు. ఎండలో నీళ్ళ సీసా కూడా లోపలికి తీసుకెళ్ళనివ్వకపోవడం దగ్గర్నుంచి అన్నీ ఆ లెక్కలోంచే వచ్చాయని నా అభిప్రాయం.

మైదానంలో ఆడే మన హాకీకి ఆ టీవీ డబ్బూ లేదు. హాకీ ఇండియా లీగ్ 2013లో మొదలై 2017 తర్వాత ఆగిపోయి, 2024 డిసెంబర్‌లో మళ్ళీ వచ్చింది. ఆ సీజన్‌లో మనకి హైదరాబాద్ తూఫాన్స్ ఉంది, విశాఖ పేరు మీద టీం గోనాసిక కూడా ఆడింది. తూఫాన్స్‌లో అర్జెంటీనా తరఫున ఒలింపిక్ స్వర్ణం, జర్మనీ తరఫున వరల్డ్ కప్ రెండూ గెలిచిన గోంజాలో పెయ్‌లాట్ ఆడాడు, జట్టు ఫైనల్ దాకా వెళ్ళి బెంగాల్ చేతిలో 4-3తో ఓడింది. మీలో ఎంతమందికి తెలుసు? మీ తప్పేం లేదు. ఆ సీజన్ పురుషుల మ్యాచ్‌లు దాదాపు అన్నీ ఒడిశాలోని రూర్కెలాలో పెట్టారు. హైదరాబాద్ జట్టు హైదరాబాద్‌లో ఆడలేదు, విశాఖ జట్టు విశాఖలో ఆడలేదు. రూర్కెలాలో ఎంట్రీ ఫ్రీ, జనం బాగానే వచ్చారు, కానీ వాళ్ళు హాకీని ప్రేమించే ఆ సుందర్‌గఢ్ జిల్లా జనం. తూఫాన్స్‌కి సొంత ఊరి అభిమాని అంటూ పుట్టే వీలే లేకుండా చేసి, తెలుగువాళ్ళకి హాకీ పట్టదు అంటే ఎట్టా? 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదటిసారి పెట్టినప్పుడు గచ్చిబౌలిలోనే ఆడారు, హైదరాబాద్ సుల్తాన్స్ గెలిచింది, ఆ రోజుల్ని ఇప్పటికీ చెప్పుకునేవాళ్ళున్నారు. భారత మహిళల జట్టుకి గోల్ కాసిన రజని మన పక్క ఉమ్మడి చిత్తూరు జిల్లా అమ్మాయే.

కబడ్డీలో తెలుగు టైటాన్స్ సంగతి చూడండి. 2021-22 సీజన్‌లో 22 మ్యాచ్‌లకి ఒకటి గెలిచింది. ఆ తర్వాత వరసగా రెండు సీజన్లు రెండేసి గెలుపులు, మూడుసార్లూ అట్టడుగు స్థానం. పైగా విశాఖలో 2018 తర్వాత మళ్ళీ మ్యాచ్‌లు పెట్టడానికి 2025 దాకా పట్టింది. అయినా టైటాన్స్ ఆడుతుంటే మా ప్రాంతం పల్లెల్లో టీవీల ముందు జనం ఉంటారు, తిడుతూనే చూస్తారు. ఆ తిట్టడం కూడా అభిమానమే, కాకపోతే దాన్ని డబ్బుగా మార్చుకునే దారి టీం దగ్గర లేదు.

ప్రకాశం జిల్లాలో తిరునాళ్ళకి బండలాగుడు పోటీలు చూసినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. పోయినేడాది ఆఖర్న నిలిచిన జత ఈసారి ఆరు పళ్ళ విభాగంలో (ఎద్దుల వయసుని పళ్ళతోనే లెక్కగడతారు) దిగుతోందంటే, ఆ ఊరి జనం ట్రాక్టర్లేసుకుని వస్తారు. గెలుస్తాయని కాదు, ఆ గిత్తల్ని మేపిన మనిషి తెలుసు, ఏడాదంతా అవి కళ్ళముందే తిరిగాయి.

నెల్లూరు నుంచి హైదరాబాద్ 450 కిలోమీటర్లు, విశాఖ దాదాపు 600. చెన్నై 180 లోపే. అందుకే మన కుర్రాళ్ళు పసుపు జెర్సీలేసుకుని పొద్దున్నే రైలెక్కి చెపాక్‌కి పోతారు, అది ద్రోహం కాదు, భూగోళం. ఆ చెన్నై టీం కూడా ఊరికే అంత అభిమానం సంపాదించలేదు. రెండేళ్ళ నిషేధం తర్వాత తిరిగొచ్చిన 2018లో కావేరి ఆందోళనల వల్ల మ్యాచ్‌లు పుణెకి మారితే, అభిమానుల కోసం ఏకంగా ప్రత్యేక రైలే వేశారు. ఏ టీం అయినా అభిమాని కోసం తను కూడా నాలుగడుగులు నడిచిందా లేదా అన్నది జనం బాగా గుర్తుపెట్టుకుంటారు. 2025లో అదే టీం పాయింట్ల పట్టికలో ఆఖరికి పడిపోయినా పసుపు జెర్సీలు మాయం కాలేదు.

"నిజమైన అభిమాని ఓడినప్పుడే నిలబడాలి" అనేవాళ్ళున్నారు. నిలబడాలి, ఒప్పుకుంటాను, కానీ ఆ మాట అభిమాని తోటి అభిమానితో అనాలి, జట్టు అమ్ముకునేవాడు అనకూడదు. ఓటమి ఒక్కటే జనాన్ని తరిమేయదు అన్నది నిజమే గానీ, ఏళ్ళ తరబడి ఓటమితో పాటు అధిక ధర, దూరం, రేపు ఉంటామో లేదో అన్న అనుమానం కలిస్తే ఎవరైనా ఇంట్లోనే కూర్చుంటారు.

ఫ్రీ ఎంట్రీ కూడా మందు కాదు. ఫ్రీ పాస్ తీసుకున్నవాడు వాన చినుకు పడితే రాడు, వంద రూపాయలు పెట్టి కొన్నవాడు గొడుగేసుకుని వస్తాడు. పైగా డబ్బు తీసుకున్నాక బాత్రూములు, నీళ్ళు, తిరుగు బస్సు గురించి నిలదీసే హక్కు వాడికి వస్తుంది. హైదరాబాద్ పేరు పెట్టుకున్న జట్టు కనీసం రెండు మూడు మ్యాచ్‌లైనా హైదరాబాద్‌లో ఆడాలి. సీజన్‌కి ముందు ప్రాక్టీస్ మ్యాచ్‌లు జిల్లాలకి తేవాలి. కబడ్డీకి మ్యాట్ ఎక్కడైనా పరవొచ్చు, నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలోనో ఒంగోలులోనో టైటాన్స్ రెండు రోజులు ఆడితే ఖర్చు ఎంతవుతుందో వాళ్ళే లెక్క వేసుకోవచ్చు. టికెట్ వంద పెట్టండి, ఉదయగిరి, కనిగిరి నుంచి రాత్రి తిరిగెళ్ళడానికి బస్సుందని ముందే చెప్పండి. అప్పుడు కూడా కుర్చీలు ఖాళీగా ఉంటే, మా ఊళ్ళో ఫ్యాన్స్ లేరని పేపర్లో వేయించుకోండి, నేనేమీ అనను.