గాలివాటం స్నేహితులు

సముద్రం ఒడ్డున పుట్టినవాళ్లందరికీ సముద్రం తెలుసనుకోవడం మా ఖమ్మం వాళ్ల అమాయకత్వం. మా గ్యాంగ్‌లో ఒక వైజాగ్ వాడున్నాడు. "బీచ్ అంటే మాకు పెరడు రా" అంటుంటాడు. ఆ పెరట్లో అతను చేసిందల్లా ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, మురీ మిక్చర్ తింటూ, కెరటం వస్తే వెనక్కి పరిగెత్తడమేనని వాళ్ల చెల్లెలు మాకు చాలా ఆలస్యంగా చెప్పింది. అప్పటికే అతను విండ్‌సర్ఫింగ్‌కి, అంటే తెరచాప బిగించిన పలక మీద నిలబడి నీళ్ల మీద దూసుకుపోయే ఆటకి, సెకండ్ హ్యాండ్‌లో బోర్డు, తెరచాప కొనేశాడు. మేం అలమేడా వెళ్లి కూడా వచ్చేశాం.

అలమేడా అంటే ఓక్లాండ్‌ని ఆనుకుని, శాన్ ఫ్రాన్సిస్కో బేలో ఉన్న ద్వీపం. అక్కడి క్రౌన్ బీచ్ పొడవు రెండున్నర మైళ్లు. లోతు తక్కువ కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్లకి నప్పుతుంది. వేసవిలో అయితే గాలి కూడా చెప్పిన టైముకి వస్తుంది. లోపల సెంట్రల్ వ్యాలీ వేడెక్కి గాలి పైకి లేస్తుంటే, ఆ ఖాళీలోకి పసిఫిక్ చల్లగాలి గోల్డెన్ గేట్ సందులోంచి దూసుకొస్తుంది. మేం వెళ్లింది మార్చి నెలాఖరున, వాన వెలిసిన మర్నాడు. ఆ రోజుల్లో వాయవ్యం నుంచి వచ్చే గాలికి పద్ధతీ పాడూ ఉండదు. ఇప్పుడు 12 నాట్లు (గంటకి 22 కిలోమీటర్ల వేగం) ఉంటుంది, కాసేపటికి 24 అవుతుంది. రెట్టింపే కదా అనుకుంటాం. గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద దాని తోపు నాలుగింతలవుతుంది. ఈ సూత్రం మా అందరికీ వచ్చు. ఇంజనీరింగ్ మూడో సెమిస్టర్‌లో రాశాం, అక్కడే వదిలేసి వచ్చాం.

మా వాడి తెరచాప 6.5 చదరపు మీటర్లు. పక్కనే డెబ్భై దాటిన అమెరికన్ పెద్దాయన ఒకరు నాలుగు చదరపు మీటర్ల బుల్లి తెరచాప బిగించుకుంటున్నారు. మా దాన్ని చూసి, "మీ దగ్గర ఇంతకన్నా చిన్నది లేదా?" అని అడిగారు. "లేదండీ, పెద్దదే తీసుకున్నాం" అన్నాడు మావాడు గర్వంగా. ఆయన ఆకాశం వైపు ఒకసారి, మా వైపు ఒకసారి చూసి, నీళ్లలోకి వెళ్లిపోయారు.

ఇంకో స్నేహితుడు హైదరాబాద్ వాడు. సంక్రాంతి వస్తే ధూల్‌పేటలో పతంగులు, మాంజా కొనుక్కుని మిద్దెల మీద పెరిగినవాడు. నీళ్లు 13 డిగ్రీలున్నాయని తెలియగానే, అద్దెకి తెచ్చుకున్న వెట్‌సూట్, అదే చలి ఆపే రబ్బరు సూటు, వేసుకుంటానన్నాడు. వేసుకున్నాడు కూడా, కాకపోతే వీపు మీద ఉండాల్సిన జిప్పు బొడ్డు మీదికొచ్చింది. విప్పడానికి పట్టిన టైములో అతని వంతు అయిపోయింది. నేను ముందునుంచీ సేఫ్టీ ఆఫీసర్ని. కారు తాళాలు, తువ్వాళ్లు, పులిహోర డబ్బా నా బాధ్యత.

వైజాగ్ వాడు లైఫ్ జాకెట్ బిగించి బోర్డెక్కాడు. తాడు పట్టి తెరచాపని నీళ్లలోంచి లేపాడు, రెండు చేతులతో బూమ్, అంటే తెరచాపకి అడ్డంగా ఉండే పిడికర్ర, పట్టుకున్నాడు. అదే క్షణంలో గాలి విసిరింది. గాలి విసిరినప్పుడు వెనక చేతిని వదులు చేస్తే తెరచాప గాలిని జార్చేస్తుంది, మనిషి నిలబడతాడు. ఒడ్డు మీంచి హైదరాబాద్ వాడు గొంతు చించుకుంటున్నాడు: "అరే, డీల్ ఇడ్వు! ఖీంచకు బే, డీల్ ఇడ్వు!" డీల్ అంటే దారం లాగకుండా వదులు చేయడం. ఆ పతంగి విద్య ఇక్కడ అక్షరాలా పనికొచ్చేదే. కానీ వైజాగ్ వాడు పట్టు వదిలే మనిషి కాదు. అప్రైజల్ మీటింగులో కూడా అంతే. తెరచాప ముందుకు పడింది, దానికి అంటుకునే ఉన్న మావాడు బోర్డు ముక్కు మీదుగా ఎగిరి అవతల పడ్డాడు. లేచాడు. మళ్లీ ఎగిరాడు. పులిహోర డబ్బా మూత తీసి ఉన్నా మేం తినడం మర్చిపోయాం.

ఇక మానేస్తాడనుకునే సమయానికి ఏదో కుదిరింది. తెరచాప నిండింది, బోర్డు కదిలింది, మావాడు నిటారుగా నిలబడి దూసుకుపోయాడు. చూడముచ్చటగా ఉంది. ఎంతకీ వెనక్కి తిరగడం లేదు. తర్వాత తెలిసిందేమిటంటే, యూట్యూబ్ వీడియోలో బయల్దేరడం వరకే చూశాడట, తిరగడం రెండో భాగంలో ఉందట.

ఆ గాలికి బీచ్ వెంబడి ఆగ్నేయంగా కొట్టుకుపోతే చివర్లో ఎల్సీ రోమర్ పక్షుల ఆశ్రయం వస్తుంది. ఆటు సమయం, అక్కడంతా బురద మేట. బోర్డు కింద చేప రెక్కలా ఉండే ఫిన్ బురదలో దిగి ఠక్కున ఆగింది. మావాడు ఆగలేదు. మేం ఆయాసపడుతూ చేరేసరికి నడుం దాకా బురదలో ఉన్నాడు. గట్టు మీద వరసగా నిలబడ్డ పక్షిప్రేమికులు బైనాక్యులర్లన్నీ అతని మీదికే తిప్పారు. ఉల్లంకిపిట్టలు ఎప్పుడో లేచిపోయాయి. ఒకావిడ కోపాన్నంతా మింగి, "అవి భోంచేస్తున్నాయి" అని మాత్రం అంది.

అసలు కష్టం తిరుగు ప్రయాణం. బోర్డు నా నెత్తిన పెట్టారు. వాళ్లిద్దరూ తెరచాపని నిలబెట్టి పట్టుకుని, గాలికి ఎదురుగా, సైకిళ్ల దారి వెంట నడవడం మొదలుపెట్టారు. నాలుగడుగులు ముందుకి, గాలి విసిరితే ఆరడుగులు వెనక్కి. "నీ వల్లే" "నీ వల్లే" అని తిట్టుకుంటుంటే వెనకనుంచి వినిపించింది: "తెలుగువాళ్లేనా బాబూ? టెంటు ఎగిరిపోయిందా?"

స్వెట్టరు, మఫ్లరు, తెల్లటి వాకింగ్ షూసుతో ఒక పెద్దాయన, పక్కనే ఆంటీ. కొడుకు దగ్గరికి ఆర్నెల్లకి వచ్చారట. సొంతూరు యానాం. ఆంటీ అప్పటికే బురదమనిషిని "పెళ్లయిందా నాన్నా?" అని అడిగేసింది. పెద్దాయన తెరచాప చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు.

"మా చిన్నప్పుడు గోదాట్లో చాప పడవలు తిరిగేవండీ. గాలి ఎదురైతే చాప దింపి చుట్టేసేవారు. తమరు దీన్ని ఇలా ఎత్తి పట్టుకుని నడుస్తున్నారేంటి?"

ముగ్గురం ఇంజనీర్లం. ఎవరి దగ్గరా సమాధానం లేదు.

తాడు విప్పాం. తెరచాప చాపచుట్టలా చుట్టుకుపోయింది. తెరచాపని నిలబెట్టే మాస్ట్ కర్ర రెండు ముక్కలుగా ఊడొచ్చింది. అన్నీ కలిపి చంకలో పట్టేంత మూట.

"ఎంత పెట్టి కొన్నారండీ?" అన్నారాయన.

మావాడు డాలర్లలో చెప్పాడు. ఆయన కాసేపు కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ రూపాయల్లోకి మార్చుకున్నారు.

"ఆయ్, ఆ డబ్బుకి మా యానాంలో పడవ వస్తుందండీ. నడిపే మనిషితో సహా."